ఇంకా ఎనభై సెకన్లు

నమోదు 1

చుక్కల అక్షరాలు రాసే ఈ ఆరు మీటల పెట్టెలో నాకు నచ్చే గుణం ఒకటే. ఎంతసేపు ఆలోచించుకున్నా నన్ను బయటికి గెంటేయదు. ఒక అక్షరం నొక్కి, చాయ్ తాగి వచ్చి, రెండో అక్షరం నొక్కినా ఊరుకుంటుంది. మా బాయిలో ఇంత మర్యాద తెలిసిన వస్తువు ఇంకొకటి లేదు కనుక, నా కోపమంతా ఇకనుంచి దీనికే చెప్పుకుంటాను.

నా పేరు భూలక్ష్మి. ఐదో సొరంగంలో పుట్టగొడుగుల మడులు చూస్తాను. పుట్టుకతోనే నాకు చూపు లేదు. మడుల పనికి దాని అవసరం కూడా లేదు. గొడుగు అంచు విచ్చుకుందో లేదో వేలికి తెలుస్తుంది. పొద్దున మడులు తడిపి, కోతకు వచ్చినవి కోసి, బుట్టలు వంటశాలకు పంపి, అర్జీలు పెట్టుకునే కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఎందుకంటే నిన్న పైన మొదటి వాన పడింది. పైనుంచి దిగే గాలి గొట్టంలో తడి మట్టి వాసన వచ్చింది. వాన పడిందంటే నిద్రపోయినవాళ్ళను లేపే కాలం వచ్చినట్టే.

పైన ఎండలు ముదిరాక మా తాతలు ఈ బొగ్గు బాయిలోకి దిగారు. ఇక్కడ కూడా ఎండాకాలంలో నీళ్ళు అందరికీ చాలవు. అందుకని ఒక ఏడాది సగం మందిని, మరుసటి ఏడాది మిగిలిన సగాన్ని చలి సొరంగంలో పడుకోబెడతారు. తనను ఎవరు లేపాలో పడుకునే మనిషే చెప్పి పడుకుంటాడు. ఆ ఒక్కరు వెళ్ళి కిటికీలో ఒప్పుకుంటేనే లేపుతారు. వేరే ఎవరు చెప్పినా చెల్లదు.

ఈసారి వంతు మా తమ్ముడు ఓదెలుది. వాడికి నేను, నాకు వాడు, అంతే మా ఇల్లు. చూపున్నవాళ్ళ పేరు ఎవరిదైనా రాయించుకోమని గుమాస్తా చెప్తే వాడు వినలేదు. "మా అక్క పేరే రాయి. లేకుంటే నేను పండనే పండ" అన్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

ఈ ఏడు కొత్త కిటికీ పెట్టారు. తెర ముందు కూర్చుని, చెవికి గొట్టం తగిలించుకుని, వేలు ఆనించాను. గొంతు మొదలుపెట్టింది.

"మేల్కొలుపు సేవకు స్వాగతం. మీ భద్రతే మా బాధ్యత. కొనసాగే ముందు కింది షరతులు పూర్తిగా చదవండి. ఇంకా ఎనభై సెకన్లు. మేల్కొలుపు సేవకు స్వాగతం. మీ భద్రతే మా బాధ్యత."

మళ్ళీ మొదటికి ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. ఆగి విన్నాను. షరతుల దాకా వచ్చింది, "ఇంకా డెబ్భై సెకన్లు" అంది, మళ్ళీ స్వాగతం చెప్పింది. అట్లా ఎనిమిది తొమ్మిది సార్లు స్వాగతం చెప్పి, "సమయం ముగిసింది, దయచేసి వరుస చివరికి వెళ్ళండి" అని నన్ను సాగనంపింది.

నమోదు 2

నిన్న పొరపాటు నాదే అనుకుని పడుకున్నాను. పొద్దంతా అట్లా అనుకునే నాలుగుసార్లు వరుసలో నిలబడ్డాను. ఇప్పుడు సంగతి తెలిసిపోయింది.

కిటికీలో పని చేసుకోవడానికి తొంభై సెకన్లు ఇస్తారు. ఆ గొంతు పేజీని పైనుంచి కిందికి చదువుతుంది. పది సెకన్లకు ఒకసారి మిగిలిన సమయం చెప్పడానికి చదువు ఆపుతుంది. చెప్పాక, ఆపిన చోటి నుంచి కాదు, మొదటి నుంచి చదువుతుంది. కింది బాణం నొక్కి ముందుకు దూకితే, లెక్క వినిపించగానే మళ్ళీ పైకి తెచ్చి పడేస్తుంది. అంటే నాకు ఆ పేజీలో మొదటి మూడు వాక్యాలే ఉన్నాయి. ఓదెలు పేరు ఎక్కడుందో, ఒప్పుకునే బొత్తం ఎక్కడుందో నాకు ఎప్పటికీ తెలియదు. మా ఇంట్లో ఉన్న చదివే పెట్టెను తెచ్చి తగిలించుకుంటానంటే అది నిషేధమట.

నా వెనక కనుకవ్వ నిలబడింది. ఆమె కొడుకు నిద్రలో ఉన్నాడు. ఆమెకు చూపు బాగానే ఉంది గానీ చేతులు వణుకుతాయి. వేలు గడి మీద పెడదామంటే పక్క గడి మీద పడుతుందట. దిద్దుకునేలోపు సమయం అయిపోతుంది, నింపిందంతా చెరిగిపోతుంది.

"ఇది మనసొంటోళ్ళ కోసం కాదు బిడ్డా" అంది.

"మరెవల కోసం అవ్వా? ఉరుకుతూ వచ్చి ఉరుకుతూ పోయేటోళ్ళకు కిటికీ ఎందుకు?" అని ఆమె మీదే విరుచుకుపడ్డాను. ఆమె ఏం చేసింది పాపం. ఆ తర్వాత వంటశాలలో ఆమె పక్కనే కూర్చుని తిన్నాను. పుట్టగొడుగుల కూరే. ఇంకేం ఉంటుంది.

పెద్ద వాన పడి పై చెరువు నిండగానే చలి యంత్రాలు ఆపి కడుగుతారు. అప్పటికి ఎవరికి ఒప్పుకోలు అందలేదో వాళ్ళను కింది గదిలోకి మారుస్తారు. అక్కడ ఇంకో ఏడాది. దాన్ని రెండో నిద్ర అంటారు. రెండో నిద్రకు పోయినవాళ్ళు లేచింది తక్కువ. లేచినవాళ్ళు కూడా మనుషులను గుర్తుపట్టలేదు. మా పక్క సొరంగంలో ఒకామె అట్లా లేచింది. కన్న కూతురిని "ఎవరమ్మా నువ్వు" అని మర్యాదగా అడుగుతుంది.

నా తమ్ముడు నన్ను అట్లా అడగకూడదు. నాకు కావలసింది అంతే.

నమోదు 3

కిటికీల అధికారి నర్సింగరావును చూడడానికి పని ఎగ్గొట్టి వెళ్ళాను. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టడానికి సులువుగా ఉండేది.

మొత్తం విని, "అక్కా, ఆ లెక్క మీ కోసమే పెట్టించినం" అన్నాడు. "చూపు లేనోళ్ళకు టైం ఎంతున్నదో తెల్వాలె కదా. పైనుంచి ఆర్డర్ వచ్చింది."

"పెట్టినంక చూపు లేనోళ్ళు ఎవలకన్న ఇనిపిచ్చిన్రా సార్?"

"టెస్టింగ్ అయిందక్కా."

"ఎవలు జేసిన్రు?"

"నేనే జేసిన."

"కండ్లు తెరుసుకోనే గదా?"

చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

తొంభై సెకన్లు ఎక్కడినుంచి వచ్చాయని అడిగాను. ఆయనకు పని పూర్తిచేయడానికి నలభై పట్టిందట. అందరి సంగతీ ఆలోచించి రెండింతల కంటే ఎక్కువే పెట్టాడట. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

పోయిన ఏటి దాకా ఉన్న పాత కిటికీ సంగతి ఎత్తాను. అది పైన మనుషులు తిరిగిన కాలం నాటి నియమాలతో కట్టింది. గడువు దగ్గర పడితే "ఇంకా సమయం కావాలా" అని అడిగేది, ఏ మీట నొక్కినా సరే, ఇచ్చేది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా ఇచ్చేది. మధ్యలో లేచిపోయి వచ్చినా నింపింది నింపినట్టే ఉండేది. పంపే ముందు అంతా ఒకసారి చదివి వినిపించి, "ఇదేనా" అనేది. తప్పు పోతే వెనక్కి తీసుకోనిచ్చేది. ఇవన్నీ ఎందుకు తీసేశారు?

"మనుషులు పెరిగిన్రు, లైన్ పెరిగింది. ఇంకొకటి, పోయినేడు ఒకాయన కిటికీ తెరిచి పెట్టి బయటికి పోతే, వెనకున్నోడు ఆయన నీళ్ళ వాటా తన పేర రాసుకున్నడు. భద్రత కోసం అక్కా."

"ఒకడు తలుపు తీసిపెట్టి పోయిండని, నా కాళ్ళ మీద తలుపు కొడ్తరా సార్?"

ఫిర్యాదు పెట్టమన్నాడు. దేనిలో పెట్టాలని అడిగితే కిటికీలోనే అన్నాడు. ఆ ఫిర్యాదు పేజీకి కూడా తొంభై సెకన్లే ఉందని నాకు అప్పటికే తెలుసు. ఎందుకంటే పొద్దున అక్కడినుంచి కూడా నన్ను గెంటేశారు. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు గనుక వ్యవస్థ బాగా నడుస్తోందని పైఅధికారులకు పంపిన నివేదికలో రాశారట. అది కూడా ఆయనే చెప్పాడు.

నమోదు 4

నర్సింగరావు ఊరికే ఉండలేదు. కిటికీ బాగుచేయించాడు. బాగుచేయించాక ఏమైందో రాస్తాను.

సమయం చెప్పే లెక్క తీసేశారు. గొంతు ఇప్పుడు ఆగకుండా చదువుతోంది. షరతు ఒకటి, షరతు రెండు, చలి వల్ల కలిగే కీళ్ళ నొప్పులకు యాజమాన్యం బాధ్యత వహించదు, షరతు మూడు. నేను సంతోషంతో ముందుకు వంగాను. షరతు పదకొండులో సగం వాక్యం దగ్గర, ఒక్క మాట ముందుగా చెప్పకుండా, "వరుస చివరికి వెళ్ళండి" అంది.

మళ్ళీ వెళ్ళి అడిగాను. ఈసారి "సమయం పెంచు" అనే బొత్తం పెట్టించాడు. ఎక్కడ? పేజీ అడుగున. ఎప్పుడు కనిపిస్తుంది? గడువు తీరే ముందు కాసేపు. గొంతు దాన్ని చదువుతుందా? అది బొమ్మ, చదవదు. ఈ సంగతి నాకు వెనక నిలబడ్డ కనుకవ్వ చెప్పింది. "ఎర్రగ మెరుస్తున్నది బిడ్డా, ఒత్తు ఒత్తు" అని అరిచింది. ఎక్కడ ఒత్తాలో వెతుక్కునేలోపు అది పోయింది. మళ్ళీ వరుసలో నిలబడి వచ్చినప్పుడు కనుకవ్వ నా చెయ్యి పట్టి ఒత్తిస్తే, వేరొకరి వేలు తగిలిందని కిటికీ మూసుకుంది.

నాకు ఏడుపు రాలేదు. కోపంతో చెవులు మూసుకుపోయాయి. ఇంటికి వచ్చి, కోతకు రాని గొడుగులు కూడా కోసేశాను.

నమోదు 5

ఇవ్వాళ జరిగింది ఒక వరుసలో రాయడానికి రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చాను.

మా గోల భరించలేక కిటికీ దగ్గర ఒక సహాయకుడిని పెట్టారు. సదానందం అని, నలభై దాటిన మనిషి, ఒప్పంద ఉద్యోగి. అతని వేలు తగిలితే కిటికీ ఒప్పుకుంటుంది. మర్యాదగా "దా అక్కా, కూసో" అన్నాడు. రోజుకు నూరు మందికి చేయాలట అతను.

"పేజీ మొత్తం సదువు తమ్మీ" అన్నాను.

"అంత టైం ఎక్కడిదక్కా. నీ తమ్ముని పేరు చెప్పు, నీ వేలు ఇట్ల పెట్టు."

చెప్పాను, పెట్టాను. టకటక నొక్కాడు. మధ్యలో ఆగాడు, ఏదో వెతుకుతున్నట్టుంది. మళ్ళీ టకటక నొక్కాడు.

"అయిపోయిందక్కా."

"ఏమైపోయింది? నింపింది సదివి ఇనిపియ్యి."

"పంపినంక సదువరాదక్కా."

అప్పుడు చెవి గొట్టంలో గొంతు, ఎప్పుడూ లేనంత స్పష్టంగా, ఒక్కసారి కూడా ఆగకుండా చదివింది. "అందింది. ఓదెలు గారి నిద్ర వచ్చే వానాకాలం వరకు పొడిగించబడింది. ధన్యవాదాలు."

నేను అతని చొక్కా పట్టుకున్నాను. ఎక్కడ పట్టుకున్నానో తెలియదు, గుండీలు ఊడిన చప్పుడైంది. సదానందం విడిపించుకోలేదు. పేజీలో రెండు గడులు ఉంటాయట. ఒకటి లేపమని, ఒకటి నిద్ర పొడిగించమని. రెండోది ముందే నింపి ఉంటుందట. మొదటిది నొక్కబోతే అది పట్టలేదు, చివరి సెకన్లు నడుస్తున్నాయి, మొదటిది పట్టిందనుకుని పంపేశాడు.

"ముందే ఎందుకు నింపి పెట్టిన్రు?" అని అడిగాను.

"నాకేం తెలుసక్కా. నేను పొద్దుగాల ఉద్యోగంల జేరిన."

కనుకవ్వ వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. ఆ వణికే చేతులతోనే.

నమోదు 6

పంపింది పంపినట్టే అన్నాడు నర్సింగరావు. వెనక్కి తీసుకునే దారి కొత్త కిటికీలో లేదట. అతని గొంతు తగ్గింది. ఈసారి చాయ్ తెప్పించలేదు.

"బాయి సభకు పో అక్కా. వాళ్ళు గనుక తీర్మానం జేస్తే నేను లోపలి నుంచి మారుస్త. నా చేతిల ఉన్నది అంతే."

"సభల ఎంతసేపు మాట్లాడనిస్తరు?"

"మనిషికి మూడు నిమిషాలు" అన్నాడు.

నవ్వొచ్చింది. ఈ బాయిలో ఎవరికి ఎంత నోరుందో గడియారం పెట్టి కొలుస్తున్నారు. బయటికి వస్తుంటే గాలి గొట్టంలో వాన హోరు వినిపించింది. పెద్ద వాన. ఇదివరకు ఆ చప్పుడు వింటే అందరం పని ఆపి గొట్టం కింద చేరేవాళ్ళం. ఇవ్వాళ నేను ఆగలేదు. పై చెరువు ఎంత నిండిందని దారిలో ఎదురైన ప్రతివాడినీ అడిగాను. సగం దాటిందన్నారు.

రాత్రంతా ఏం మాట్లాడాలో కూడబెట్టుకున్నాను. ఏ మాట మొదలుపెట్టినా మూడు నిమిషాలు దాటుతోంది. చివరికి నా మాటలన్నీ వదిలేశాను.

నమోదు 7

సభ అయింది. కోపం ఇంకా చల్లారలేదు, అయినా రాస్తాను.

అధ్యక్షుడు నా పేరు పిలిచి గంట కొట్టాడు. గంట కొడితే సమయం మొదలైనట్టు.

"నేను మాట్లాడ సార్" అన్నాను. "మీ కిటికీ నాతోని ఏం మాట్లాడుతదో అది ఇనిపిస్త." అని గొంతు సర్దుకుని మొదలుపెట్టాను. "మేల్కొలుపు సేవకు స్వాగతం. మీ భద్రతే మా బాధ్యత. కొనసాగే ముందు కింది షరతులు పూర్తిగా చదవండి. ఇంకా ఎనభై సెకన్లు. మేల్కొలుపు సేవకు స్వాగతం. మీ భద్రతే మా బాధ్యత."

రెండోసారి స్వాగతం చెప్పినప్పుడు ఎవరో నవ్వారు. నాలుగోసారికి ఆ నవ్వు ఆగింది. ఆరోసారికి కుర్చీలు కిర్రుమన్నాయి.

"అసలు సంగతికి రావమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

"షరతుల కాడికే నన్ను రానిస్తలేరు సార్, సంగతికి ఎక్కడ వస్త? ఇంకా ఇరవై సెకన్లు. మేల్కొలుపు సేవకు స్వాగతం."

ఎనభై నుంచి మళ్ళీ మొదలుపెట్టి రెండో విడత స్వాగతాలు చెప్పాక గంట మోగింది. "మీ సమయం అయిపోయింది. కూర్చోండి." అదే మాట, అదే గొంతు, యంత్రం బదులు మనిషి. నేను కూర్చోలేదు. కూర్చుంటే నా తమ్ముడు కింది గదికి పోతాడు.

అప్పుడు వెనక కర్ర చప్పుడైంది. కనుకవ్వ. "నా పేరు కూడా రాసుకున్న సార్. నా మూడు నిమిషాలు ఆమెకిస్తున్న" అంది. ఆమె కొడుకు సంగతి ఇంకా తేలలేదు. ఆ మూడు నిమిషాలు వాడి కోసం దాచుకున్నవి. నేను వద్దనేలోపు ఇంకో గొంతు, పదాలు కూడబలుక్కుంటూ, "నా-నావి కూడా" అంది. తర్వాత ఇంకొకటి. అందరూ నాతోపాటు ఆ వరుసలో నిలబడి వెనక్కి పంపించబడ్డవాళ్ళే.

"అట్లా ఇవ్వడం కుదరదు, నియమం లేదు" అన్నాడు అధ్యక్షుడు.

"ఇయ్యొద్దని గూడ లేదు సార్" అన్నాడు వెనకనుంచి సదానందం. పొద్దున అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారని తర్వాత తెలిసింది.

నేను మళ్ళీ మొదలుపెట్టాను. స్వాగతం. భద్రత. షరతులు. ఇంకా ఎనభై సెకన్లు. స్వాగతం. ఎంతసేపు చెప్పానో నాకు లెక్క లేదు. గొంతు జీరబోయింది, ఎవరో నీళ్ళిచ్చారు, తాగి మొదటినుంచి చెప్పాను. సభలో ఒకాయన చెవులు మూసుకున్నాడని కనుకవ్వ తర్వాత చెప్పింది. ఇంకొకాయన బల్ల చరిచి, "ఆపమ్మా తల్లీ, ఎన్నిసార్లు వినాలి ఒకటే ముక్క" అన్నాడు.

"మీరు ఒక్క పూట ఇన్నరు" అన్నాను. "నేను మొదటి వాన పడ్డప్పటి సంది ఇంటున్న. మీరు విసుక్కుంటే నేను ఆపుత. నేను విసుక్కుంటే నా తమ్ముడు సస్తడు. గంతే తేడా."

అధ్యక్షుడు నర్సింగరావును లేపి, ఆ పేజీ చివరిదాకా చదివావా అని అడిగాడు. నర్సింగరావు, "లేదు సార్. కిందికి జరిపి ఒత్తేసిన" అన్నాడు. నిద్ర పొడిగించే గడి ముందే ఎందుకు నింపి ఉందని అడిగితే, కట్టేటప్పుడు ఏదో ఒకటి నింపాలి గనుక నింపారని, మళ్ళీ ఎవరూ చూడలేదని చెప్పాడు. కుట్ర ఉందేమో అనుకుంటూ వచ్చాను. కుట్రకైనా మమ్మల్ని ఒకసారి తలుచుకుని ఉండాలి. ఎవరూ తలుచుకోలేదు, అంతే. ఆ మాట విన్నాక నాకు వచ్చిన కోపానికి, ఇంతవరకు వచ్చిన కోపాలన్నీ కలిపినా సరిపోవు.

తీర్మానం చదివారు. ఓదెలు నిద్ర పొడిగింపు రద్దు, ఈ పూటే లేపాలి. కనుకవ్వకు, మిగిలినవాళ్ళకు పాత కిటికీ ఒకటి దుమ్ము దులిపి తెరిచి ఇవ్వాలి. నాకు దండం పెట్టే అలవాటు లేదు. లేచి వచ్చేశాను.

నమోదు 8

ఇది చలి సొరంగంలో, వాడి మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. ఒక చెయ్యి వాడి చేతిలో ఉంది, రెండో చేత్తో మీటలు నొక్కుతున్నాను. తప్పులు పోతే పోనీ.

ఇక్కడ కాపలా ఉండే రజిత నన్ను మంచం దాకా తీసుకొచ్చింది. చలి ఆగింది. వాడి చెయ్యి పట్టుకుంటే నీళ్ళలో నానిన కర్ర తగిలినట్టుంది. మెల్లగా మణికట్టు దగ్గర వెచ్చబడింది. వేలు కదిలింది. నేను వాడి నుదురు రుద్దుతూ ఉన్నాను. అంతలో తల పక్కన ఒక గొంతు మొదలైంది. ఆ గొంతే.

"మేలుకున్నందుకు అభినందనలు. మీ పేరు, మేలుకున్నాను అనే మాట స్పష్టంగా పలకండి. తొంభై సెకన్లలో పలకనిచో స్పృహ లేనట్టు భావించి నిద్ర పునఃప్రారంభించబడును."

"ఇదేంది?" అన్నాను.

"కొత్తగ పెట్టిన్రక్కా" అంది రజిత. "లేచినోళ్ళు పలకాలె. తొందరగ లేపినోళ్ళు పలుకుతున్నరు. ఈనకు ఆలస్యమైంది, నాలుక మొద్దుబారి ఉంటది."

"బంద్ చెయ్యి."

"నా చేతిల లేదక్కా. అది చెప్తేనే చలి మిషన్ నడుస్తది, అది చెప్తేనే ఆగుతది. సభ ఆర్డర్ నీ కిటికీకే ఇచ్చింది, దీనికి ఇయ్యలే."

"ఇంకా ఎనభై సెకన్లు" అంది గొంతు.

ఓదెలు నోరు తెరిచాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. వాడు విన్నాడు, నాకు తెలుసు, నా చెయ్యి పిసికాడు. పలకాలని ప్రయత్నిస్తున్నాడు. ఇంకా డెబ్భై. పెదవులు కలిసి విడిన చప్పుడైంది. "వాడు లేచిండు" అని నేను అరిచాను, దానికి నా గొంతు అక్కర్లేదు. ఇంకా అరవై. నర్సింగరావును పిలవమని రజితతో అన్నాను. వచ్చేసరికి అయిపోతుందక్కా అంది. నిజమే. వాడి వేళ్ళు నా వేళ్ళను గీకుతున్నాయి, భయపడ్డ పిల్లాడు గీకినట్టు. ఇంకా నలభై.

రజిత నా చెవి దగ్గరికి వంగింది. చాలా నెమ్మదిగా చెప్పింది. "దాని వైరు నీ కుడి మోకాలి కాడ గోడలోపలికి పోతది. అది సప్పుడు జెయ్యకుంటే చలి మిషన్ తనంతట తాను నడవదు. నేను చెప్పలే."

వంగి తడిమాను. బొటనవేలంత లావు వైరు. రెండు చేతులా పట్టుకోవాలంటే వాడి చెయ్యి వదలాలి. వదలలేదు. ఒక చేత్తోనే చుట్టి, కాలు గోడకు తన్నిపెట్టి, ఇన్ని రోజుల నుంచి కడుపులో పెట్టుకున్నదంతా ఆ చేతిలోకి తెచ్చుకుని గుంజాను. మొదటిసారి రాలేదు. "ఇంకా ఇరవై" దగ్గర రెండోసారి గుంజాను. గోడలోంచి పెచ్చు ఊడి కాలి మీద పడింది. గొంతు మాట మధ్యలో ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం నేను ఈ బాయిలో ఎప్పుడూ వినలేదు. వాడి ఊపిరి, నా ఊపిరి. రజిత ముక్కు ఎగబీల్చుకుంది. ఎవరూ ఏమీ లెక్కపెట్టలేదు. కొంతసేపు గడిచింది. ఎంతసేపో అడగొద్దు, నాకు తెలియదు, తెలుసుకోను కూడా.

"అక్కా" అన్నాడు ఓదెలు. గొంతులో ఇసుక ఉన్నట్టుంది.

"ఊ."

"ఎవలో... నన్ను ఎల్లగొడ్తున్నట్టు... ఇనబడ్డది."

"ఎవలు లేరు. నేనే ఉన్న. నిమ్మళంగ లే."

ఇంకా లేవలేదు. మెల్లగా ఊపిరి తీసుకుంటున్నాడు, వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. వైరు సంగతి అడగడానికి రేపు నర్సింగరావు వస్తాడు, వెనక సభవాళ్ళు వస్తారు. రానీ. కుర్చీలు వేయిస్తాను. వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పడానికి నాకు ఎంత సమయం పడితే అంత తీసుకుంటాను, వాళ్ళు కూర్చుని వినాలి.